కొండ ఎక్కించే ముందు వాడిని అడిగారా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా బాబుకు 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. ఏడు, ఎనిమిది తరగతులు వేరే ఊళ్లో హాస్టల్లో ఉంచి చదివించాం. అక్కడ ఇమడలేకపోయాడు, వెనక్కి తీసుకొచ్చాం. వచ్చినప్పటి నుంచి మాట తగ్గిపోయింది. స్నేహితులు లేరు. ఫోను పక్కన పెట్టమంటే కోపం. ఇప్పుడు వాళ్ల బడివాళ్లు సంక్రాంతికి ముందు గండికోటలో ఐదు రోజుల సాహస శిబిరం పెడుతున్నారు. కొండలెక్కడం, తాడుతో బండ దిగడం, రాత్రి గుడారాల్లో పడుకోవడం. మావారు ‘పంపు, భయం పోయి మగాడిలా తయారవుతాడు’ అంటున్నారు. మా అత్తగారు ససేమిరా వద్దంటున్నారు. నాకేమో ప్రమాదం జరుగుతుందని భయం, వెళ్తే మారతాడేమోనని ఆశ. అదే బడిలో ఏడో తరగతి చదివే మా పాప కూడా వెళ్తానని గొడవ చేస్తోంది గానీ ఆడపిల్లను ఎలా పంపుతాం? ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో మీవారి మాట ఉంది, మీ అత్తగారి మాట ఉంది, మీ భయమూ ఆశా ఉన్నాయి. పాప ఏమంటోందో కూడా ఒక వాక్యంలో రాశారు. బాబు ఏమంటున్నాడో మాత్రం ఎక్కడా లేదు. వెళ్లవలసింది వాడు. ముందు వాడిని అడగండి. వాడు సరేనంటే, నేను కింద చెప్పే రెండు మూడు సంగతులు మీరు తేల్చుకోగలిగితే, నిశ్చింతగా పంపండి. వద్దంటే ఈసారికి వదిలేయండి. కొండలు ఎక్కడికీ పోవు.

నేను కర్నూలులో 28 ఏళ్లు పాఠాలు చెప్పాను. అందులో చాలా కాలం స్కౌట్ మాస్టరుగా పిల్లలను శిబిరాలకు తీసుకెళ్లాను. ఆరుబయట నాలుగు రాత్రులు గడిపి వచ్చిన పిల్లల్లో వచ్చే మార్పును కళ్లతో చూశాను. ఆ మార్పు రాకపోవడమూ చూశాను. ఒకసారి నా చేతులతోనే చెడగొట్టాను కూడా. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు హాస్టల్ గురించి మాట్లాడాలి.

‘ఇమడలేకపోయాడు’ అని ఒక్క మాటలో రాసేశారు. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. 12 ఏళ్ల పిల్లవాడు రెండేళ్లపాటు ఇంటికి దూరంగా, ముక్కూమొహం తెలియని పిల్లల మధ్య పడుకుని లేచాడు. ఇమడలేదంటే ఏం జరిగింది? తిండి పడలేదా? చదువు బరువైందా? పెద్ద పిల్లలెవరైనా ఏడిపించారా, కొట్టారా? ఎవరైనా చేయరాని పని చేశారా? ఇవన్నీ మీకు తెలిసే ఉండవచ్చు. తెలియకపోతే శిబిరానికి డబ్బు కట్టే ముందు అది తెలుసుకోవాలి. ఎందుకంటే గుడారంలో నిద్ర అంటే మళ్లీ ఇంటికి దూరంగా ఉండటం, మళ్లీ నలుగురు పిల్లల మధ్య పడుకోవడం, మళ్లీ దీపం ఆర్పేసిన చీకటి. మనకది సరదాగా కనిపిస్తుంది. వాడికి అది ఆ హాస్టల్ గదిలా అనిపించవచ్చు.

ఎదురుగా కూర్చోబెట్టి ‘అక్కడ ఏం జరిగిందో చెప్పు’ అంటే ఆ వయసు పిల్లలు చెప్పరు. మొహంలోకి చూస్తూ అడిగే ప్రశ్న వాళ్లకు విచారణలా తోస్తుంది. బండి మీద వెనక కూర్చోబెట్టుకుని వెళ్తున్నప్పుడు, ఇద్దరూ కలిసి వేరుశనగకాయలు ఒలుస్తున్నప్పుడు, పెన్న ఒడ్డున నడుస్తున్నప్పుడు అడగండి. చూపులు వేరేవైపు ఉన్నప్పుడు నోరు పెగులుతుంది. చెప్పింది విన్నాక వెంటనే తీర్పు చెప్పకండి, ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’ అని అసలే అడగకండి.

ఇంకొక్క మాట, ఇది మిగతా అన్నిటికంటే ముఖ్యం. నిద్ర చెదిరినా, తిండి తగ్గినా, ఒకప్పుడు ఇష్టపడిన ఆటలూ పాటలూ కూడా వద్దంటున్నా, బతకడం దండగ వంటి మాట ఒక్కసారి నోట వచ్చినా శిబిరం సంగతి పక్కన పెట్టి వాడిని డాక్టరుకు చూపించండి. కడప సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంత దూరం వెళ్లే ముందు మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. హాస్టల్లో ఎవరైనా హింసించారని తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098 ఉంది. కొండ మందు కాదమ్మా. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి అది ఎదుగుదల ఇస్తుంది. గాయపడిన పిల్లవాడికి ముందు గాయం కట్టాలి.

అలాంటిదేమీ లేదు, వాడు మొహమాటస్తుడు, కొత్తవాళ్లతో కలవలేని మనిషి, అంతే అని తేలితే అప్పుడు శిబిరం గురించి మాట్లాడుకుందాం.

మీవారు ‘మగాడిలా తయారవుతాడు’ అన్నారు కదా, ఆయనకు ఈ శిబిరాలు ఎలా పుట్టాయో చెప్పండి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు బ్రిటన్ సరకు ఓడలను వరసగా ముంచేస్తున్న రోజులవి. ఓడ మునిగాక పడవల్లో మిగిలినవాళ్లలో కండబలమున్న కుర్రవాళ్లు ముందుగా ప్రాణాలు వదిలేస్తున్నారని, వయసు మళ్లిన నావికులు తట్టుకుని నిలబడుతున్నారని లారెన్స్ హోల్ట్ అనే ఓడల యజమానికి అనిపించింది. కుర్రవాళ్లకు లేనిది బలం కాదు. ఇంతకుముందు ఒక కష్టాన్ని దాటామన్న జ్ఞాపకం వాళ్లకు లేదు, పక్కవాడి మీద నమ్మకం లేదు. హిట్లర్‌ను బాహాటంగా వ్యతిరేకించి జర్మనీ వదిలి రావలసి వచ్చిన కర్ట్ హాన్ అనే విద్యావేత్త, హోల్ట్ సాయంతో 1941లో వేల్స్ తీరంలోని అబర్డోవీలో కుర్రవాళ్ల కోసం దాదాపు నెల రోజుల శిక్షణ మొదలుపెట్టాడు. రేవు విడిచి సముద్రానికి బయలుదేరే ఓడను నావికులు ఏమంటారో ఆ మాటే దానికి పేరయింది: ఔట్‌వర్డ్ బౌండ్. ఇప్పుడు లోకమంతటా జరుగుతున్న సాహస విద్యకు పెద్ద మూలం అదే. అక్కడ కండలు పెంచాలనుకోలేదు, మగతనం నేర్పాలనుకోలేదు. భయం వేసినప్పుడు బుర్ర పనిచేయడం ఎలాగో, పక్కవాడికి చేయి అందించడం ఎలాగో నేర్పాలనుకున్నారు.

అది ఎలా నేర్పుతారో తెలియాలంటే బండ కింద నిలబడి చూడాలి. ఎక్కే పిల్లవాడి నడుముకు, తొడలకు హార్నెస్ అనే గట్టి పట్టీలు బిగిస్తారు. దానికి ముడివేసిన తాడు బండ పైన గట్టిగా కట్టిన ఆధారంలో నుంచి తిరిగి కిందికి వచ్చి, కింద నిలబడ్డ మరో పిల్లవాడి నడుము దగ్గరున్న చిన్న పరికరంలోకి దూరుతుంది. దీన్నే బిలే అంటారు. పైవాడు జారితే కిందివాడు తాడు బిగిస్తాడు. కిందివాడి కుడిచేయి తాడు మీద నుంచి ఒక్క క్షణం కూడా లేవకూడదు. పక్కనే శిక్షకుడు రెండో పట్టు పట్టుకుని ఉంటాడు, కానీ మొదటి పట్టు పిల్లవాడిదే. ఎక్కే ముందు ఇద్దరూ ఒకరి బకిల్స్ ఒకరు తడిమి చూసుకోవాలి. ‘సిద్ధమా?’ అని పైవాడు గట్టిగా అడగాలి, ‘సిద్ధం’ అని కిందివాడు గట్టిగా చెప్పాలి. ఆ జవాబు వినపడేదాకా ఎవరూ కాలు కదపకూడదు.

ఇప్పుడు మీ బాబును అక్కడ ఊహించుకోండి. ఇంట్లో నాలుగుసార్లు పిలిస్తే ఒకసారి ఊ కొట్టే పిల్లవాడు అక్కడ నోరు విప్పి తీరాలి, ఎందుకంటే ఇంకొకడి ప్రాణం వాడి చేతిలో ఉంది. ‘మాట్లాడరా, నలుగురిలో కలవరా’ అని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. పనే వాడిచేత మాట్లాడించింది. అంతకంటే విలువైనది ఇంకొకటి ఉంది. తరగతిలో ఎవరికీ అక్కర్లేని తనను ఒకడు పూర్తిగా నమ్మి బండ మీద నిలబడ్డాడు. స్నేహం చేయడం రాని పిల్లలకు మాటలతో స్నేహం మొదలవదు. కలిసి చేసే పనితో మొదలవుతుంది. కట్టెలు ఏరడం, బిందెతో నీళ్లు మోయడం, రాగి సంగటి గెలకడం, గాలికి ఎగిరిపోతున్న గుడారాన్ని నలుగురూ నాలుగు మూలలా పట్టుకోవడం. చేతులకు పని దొరికితే మాట కోసం వెతుక్కునే ఇబ్బంది తప్పుతుంది. అందుకే మంచి శిబిరాల్లో పిల్లలను ఎనిమిది, పది మంది చొప్పున చిన్న జట్లుగా విడదీస్తారు. యాభై మందిలో మీవాడు ఒక మూల దాక్కోగలడు. ఎనిమిది మందిలో దాక్కోలేడు, తప్పిపోనూ పోడు.

ధైర్యం విషయానికి వస్తే, ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లో ఒక సిద్ధాంతం చెప్పాడు. ‘ఈ పని నేను చేయగలను’ అనే నమ్మకం మనిషికి నాలుగు వైపుల నుంచి వస్తుందన్నాడు. అన్నిటికంటే బలమైనది స్వయంగా చేసి గెలిచిన అనుభవం. తర్వాత తనలాంటివాడే చేస్తుంటే చూడటం. ఆ తర్వాత పెద్దల ప్రోత్సాహం. చివరిది, గుండె దడను, చెమటను మనిషి ఎలా అర్థం చేసుకుంటాడన్నది. మన ఇళ్లలో పాపం మనం మూడోదాన్నే పట్టుకుని వేలాడతాం. ‘నువ్వు చేయగలవురా’ అని రోజుకు పదిసార్లు అంటాం, చేసి చూపించే అవకాశం మాత్రం ఇవ్వం. బండ దగ్గర ఈ నాలుగూ ఒకేచోట కలుస్తాయి. మోకాళ్లు వణుకుతున్నా అడుగు పడటం సాధ్యమేనని, వణుకు ఆగేదాకా వేచి ఉండనక్కర్లేదని పిల్లవాడి ఒంటికి తెలుస్తుంది. అది పుస్తకంలో చదివి తెలుసుకునేది కాదు.

ఇక నేను చేసిన తప్పు. చాలా ఏళ్ల కిందటి సంగతి. కర్నూలుకు దగ్గరలో ముప్పై అడుగుల బండ మీద నుంచి తాడుతో దిగడం నేర్పిస్తున్నాం. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు అంచు దగ్గర కూర్చుండిపోయాడు. మిగిలినవాళ్లందరూ దిగేశారు. కింద నుంచి ‘దిగు దిగు’ అని చప్పట్లు, కేకలు. నేను వాడి దగ్గరికి వెళ్లి, ‘నీకంటే చిన్నవాళ్లు దిగారు, సిగ్గులేదా’ అన్నాను. దిగాడు. ఏడుస్తూ దిగాడు. కింద కాలు మోపేసరికి నిక్కరు తడిసి ఉంది, అందరూ చూశారు. ఆ మర్నాటి నుంచి వారం రోజులు బడికి రాలేదు. మళ్లీ ఏ శిబిరానికీ రాలేదు. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు, అది నాకు ఇంకా బాధ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. వాడికున్న కాస్త ధైర్యాన్ని నేనే ఊడబెరికాను.

ఈ రంగంలో ఆరితేరినవాళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. అమెరికాలో 1971లో మొదలైన ప్రాజెక్ట్ అడ్వెంచర్ అనే కార్యక్రమంలో అది రూపుదిద్దుకుంది. సవాలు అందరికీ ఉంటుంది, ఎంతవరకు తీసుకోవాలన్నది పిల్లవాడి ఇష్టం. పిల్లవాడికి అలవాటైన హాయి చుట్టూ ఒక వలయం గీసుకోండి. దాన్ని దాటి ఒక అడుగు బయట పెడితే నేర్చుకుంటాడు. పది అడుగులు అవతలికి తోసేస్తే బెంబేలెత్తిపోతాడు, అప్పుడు బుర్రలోకి ఏదీ ఎక్కదు, భయం ఒక్కటే మిగులుతుంది. ఏది ఒక అడుగో, ఏది పదో బయటి నుంచి చూసేవాడికి తెలియదు. నా తప్పు జరిగిన తర్వాతి సంవత్సరాల్లో ఒక అమ్మాయి అదే బండ మీద ‘సార్, నేను ఇక్కడిదాకే’ అంది. ‘సరే తల్లీ’ అన్నాను. ఆ పిల్ల మూడు రోజులూ దిగనేలేదు. అక్కడే నిలబడి దిగేవాళ్ల హార్నెస్ పట్టీలు ఒక్కొక్కటీ తడిమి చూసి పంపింది. ఒకసారి ఒకడి బకిల్ సరిగా పడలేదని గట్టిగా అరిచి ఆపేసింది. అంతవరకు ఆ పిల్ల గొంతు నేను వినలేదు. తాడు మీద దిగిన ముప్పై మందిలో ఎవరూ ఆ పిల్ల నేర్చుకున్నంత నేర్చుకోలేదని ఇప్పటికీ అనుకుంటాను.

కాబట్టి బడివాళ్లను మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: పిల్లవాడు వద్దంటే ఏం చేస్తారు? ‘ఎలాగోలా దింపేస్తాం, వాళ్లకే మంచిది’ అన్నారంటే పంపకండి. రెండో ప్రశ్న: సాయంత్రాలు ఏం చేస్తారు? సినిమా పాటలు పెట్టి గంతులేయించడం ఒక్కటే అయితే సగం శిబిరమే. పగలు జరిగినదాన్ని రాత్రి భోజనాల తర్వాత జట్టు జట్టుగా కూర్చుని మాట్లాడుకోవాలి. ఎక్కడ భయమేసింది, అప్పుడు ఏం చేశావు, నీకు ఎవరు సాయపడ్డారు, ఎవరి మీద కోపం వచ్చింది, రేపు ఏం మార్చుకుంటావు. మొదటి రాత్రి చాలామంది ‘బాగుంది సార్’ అని ఊరుకుంటారు. మూడో రాత్రికి అసలు మాటలు వస్తాయి. నీళ్ల సీసా పంచుకోలేదని అలిగిన పిల్లవాడు, అలిగాననే ఒప్పుకుంటాడు. అవతలివాడు క్షమించమంటాడు. పెద్దవాళ్లం మనకే చేతకాని పని అది. అనుభవం ఒక్కటే ఏమీ నేర్పదు, దాన్ని నెమరు వేసుకుంటేనే ఒంటబడుతుంది. రోజంతా తాడు మీద వేలాడించి రాత్రికి నిద్రపుచ్చేస్తే అది విహారయాత్ర అవుతుంది. విహారయాత్ర తప్పని కాదు, దాని నుంచి మీరు కోరుకునే మార్పు రాదు.

ఐదు రోజుల్లో వాడు మారిపోయి వస్తాడని ఆశ పెట్టుకోకండి. జాన్ హ్యాటీ, మరో ముగ్గురు పరిశోధకులు 1997లో ఇలాంటి శిబిరాల మీద జరిగిన 96 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. పిల్లల్లో ఆత్మవిశ్వాసం, సొంతంగా నిర్ణయం తీసుకునే నేర్పు, తన మీద తనకు అదుపు పెరగడం వాళ్లకు కనిపించింది. వాళ్లను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, మామూలు చదువుల కార్యక్రమాల్లో వచ్చిన మేలు కొన్నాళ్లకు కరిగిపోతుంది, ఇక్కడ శిబిరం ముగిశాక కూడా ఇంకొంత పెరిగింది. అయితే శిబిరానికీ శిబిరానికీ తేడా చాలా ఎక్కువని, 20 రోజులు దాటినవాటి ఫలితం మెరుగని కూడా తేల్చారు. మీవాడిది ఐదు రోజులు. దాన్ని విత్తనంగా చూడండి. తడి పెట్టవలసింది ఇంట్లో మీరు.

గండికోట గురించి కొంచెం. నేను ఎన్నిసార్లు వెళ్లినా ఆ అంచున నిలబడితే మాట రాదు. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన లోయ అది. మీ ఊరి పక్కన ఇసుకలో మెల్లగా పారే ఆ నదే అక్కడ వందల అడుగుల ఎర్రని గోడల మధ్య పారుతుంది. పిల్లవాడికి ఆ సంగతి ముందే చెప్పండి, తను రోజూ చూసే నీళ్లు ఏ దారిన వచ్చాయో చూడబోతున్నానని ఉత్సాహపడతాడు. కానీ ఆ అంచు ప్రమాదకరమైనది కూడా. చాలాచోట్ల కంచె లేదు. రాళ్ల మీద ఫొటోల కోసం చివరిదాకా వెళ్లేవాళ్లను చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. లోయలోని నీళ్లలో ఈతకు దించబోమని బడివాళ్లు రాసిచ్చేలా అడగండి. చీకటి పడ్డాక అంచువైపు ఎవరూ వెళ్లకుండా కాపలా ఎవరుంటారో పేరు అడిగి తెలుసుకోండి. తాళ్లు, హార్నెస్‌లు ఎవరు సరఫరా చేస్తున్నారు, పిల్లలు వాడే ముందు ఎవరు పరీక్షిస్తారు, ప్రతి పిల్లకూ పిల్లవాడికీ హెల్మెట్ ఉందా, శిక్షకులు పర్వతారోహణ సంస్థల్లో శిక్షణ పొందినవాళ్లేనా, ప్రథమ చికిత్స తెలిసినవాళ్లు ఎంతమంది, శిబిరం దగ్గర వాహనం రాత్రంతా ఉంటుందా అని అడగండి. ఇలా అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. బాధ్యత తెలిసినవాళ్లు ఈ ప్రశ్నలకు సంతోషిస్తారు, విసుక్కున్నవాళ్ల దగ్గరికి పంపనే పంపవద్దు. మన సీమలో సంక్రాంతి ముందు రోజులు నడకకు అనువైనవి, కానీ తెల్లవారుజామున చలి, మధ్యాహ్నం బండ వేడి రెండూ ఉంటాయి. దుప్పటి, టోపీ, రెండు నీళ్ల సీసాలు పెట్టండి. ఘాటైన సెంటు వద్దు, కొండ అంచుల్లో తేనెపట్టులు ఉంటాయి.

శిక్షకుడితో మీరు ఒక్కసారి విడిగా మాట్లాడాలి. హాస్టల్ కథంతా చెప్పనక్కర్లేదు, ఎంత చెప్పాలో బాబునే అడగండి. ‘రాత్రిళ్లు కొత్తచోట వాడికి కష్టం, గుడారంలో వాడు కోరుకున్న పిల్లవాడిని పక్కన ఉంచండి, టార్చి దగ్గర పెట్టుకోనివ్వండి, అవసరమైతే ఇంటికి ఫోను చేయనివ్వండి’ అని చెబితే చాలు. రాత్రి రెండు గంటలకైనా ఫోను చేయవచ్చని, నాన్న వచ్చి తీసుకెళ్తారని వాడికీ చెప్పండి. వెనక్కి వచ్చే దారి ఉందని తెలిసిన పిల్లవాడు ఆ దారి తొక్కడం అరుదు. తొక్కినా తప్పులేదు. ఆ వాక్యం మీవారి నోటి నుంచి వస్తే మరీ మంచిది.

ఇక పాప సంగతి. మీ ఉత్తరంలో నాకు మనసు చివుక్కుమన్న చోటు ఇదే. వెళ్లాలని ఉందో లేదో తెలియని కొడుకును ఎలా పంపాలా అని ఇంటిల్లిపాదీ ఆలోచిస్తున్నారు. వెళ్తానని గొడవ చేస్తున్న కూతురికి ఒక్క వాక్యం. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. నిజామాబాద్ జిల్లా గిరిజన వ్యవసాయ కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్ కూడా ఆ రోజే శిఖరం చేరాడు. వాళ్లిద్దరూ మొదట అడుగులు నేర్చుకున్నది భువనగిరి బండ మీద. మీ పాప ఎవరెస్టు ఎక్కాలని నేననడం లేదు. ఆడపిల్ల ఒంటికి, మనసుకు కొండ బరువు కాదని మాత్రమే అంటున్నాను. ఆడపిల్లను ఎలా పంపుతాం అన్నదానికి జవాబు కూడా ప్రశ్నల్లోనే ఉంది: మహిళా శిక్షకులు ఉన్నారా, రాత్రి ఆడపిల్లల గుడారాల దగ్గర ఎవరుంటారు, మరుగుదొడ్లు ఎక్కడ, నెలసరి వస్తే ఏర్పాటేమిటి, బడి ఉపాధ్యాయినులు ఎంతమంది వస్తున్నారు. వీటికి సరైన జవాబులు లేకపోతే పాపను పంపకండి. నిజానికి ఆ జవాబులు లేని శిబిరానికి బాబునూ పంపకూడదు, పిల్లల భద్రతను అంత తేలిగ్గా తీసుకునేవాళ్లు తాడునూ అంతే తేలిగ్గా తీసుకుంటారు. ఇద్దరూ వెళ్తే ఒకే జట్టులో వేయవద్దని చెప్పండి. చెల్లెలి ముందు భయపడ్డానన్న నామోషీ వాడికి, అన్నను కనిపెట్టుకుని ఉండాలన్న భారం ఆ పిల్లకు వద్దు.

మీ అత్తగారిని తీసిపారేయకండి. ఆమె భయంలో ప్రేమ ఉంది. ఆమె తన కాలంలో అలిపిరి మెట్లెక్కి తిరుమలకు నడిచే ఉంటారు. అహోబిలం ఎగువన రాళ్ల మీద పాకుతూ జ్వాలా నరసింహుడి దాకా వెళ్లినవాళ్లు మన సీమలో ఇంటికొకరు ఉంటారు. ఆ నడకల్లో ఎవరు చేయి పట్టుకున్నారు, ఎక్కడ కాళ్లు పీకాయి, ఎలా ఓర్చుకున్నారు అని పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి ఆమెచేత చెప్పించండి. కొండ ఎక్కడం మనకు కొత్త కాదని ఆమెకే గుర్తొస్తుంది, పిల్లలకు నాయనమ్మ కొత్తగా కనిపిస్తుంది.

వచ్చాక ఏం చేయాలో చెబుతాను. గుమ్మంలో అడుగు పెట్టగానే ‘భయం పోయిందా?’ అని అడగకండి. ఫోను గురించి ఎత్తకండి. స్నానం, భోజనం, నిద్ర. మర్నాడు ‘నీ తాడు ఎవరు పట్టుకున్నారు?’ అని ఒక్కటే అడగండి. వాడు ఒక పేరు చెబితే, ఆ పేరుగల పిల్లవాడిని ఆదివారం భోజనానికి పిలవండి. ఐదు రోజుల్లో వాడు సంపాదించుకొచ్చింది అదే కావచ్చు, దాన్ని పోనివ్వకండి. నెలకో రెండు నెలలకో ఒకసారి మీవారు వాడితో కలిసి ఎక్కడికైనా నడవాలి. గుత్తి కోట ఉంది, పెనుకొండ ఉంది. ఎండలు ముదిరాక బెలుం గుహలకు వెళ్లండి, 3,229 మీటర్ల పొడవైన ఆ గుహల్లో పాతాళగంగ దాకా దిగి రావచ్చు. ఆయన దారిలో సలహాలివ్వకుండా, ఫోను తీయకుండా, వాడి వెనక నడవాలి. ముందు వాడిని నడవనివ్వాలి. దారి తప్పితే తప్పనివ్వాలి, వెతికి పట్టుకోవలసింది వాడే. తండ్రి ఆయాసపడి ఒక రాయి మీద కూర్చోవడం కొడుకు చూడాలి. మగాడంటే ఏమిటో వాడికి ఆ రాయి దగ్గర తెలిసినంతగా ఏ శిబిరంలోనూ తెలియదు.

శిబిరానికి ఇంకా కొన్ని వారాలు ఉన్నట్టుంది. బాబు సరేనన్న రోజే బూట్లు కొనండి, అట్ట మందంగా, అడుగు గరుకుగా ఉన్నవి. కొత్త బూట్లతో కొండ ఎక్కితే మొదటి సాయంత్రానికే మడమలు బొబ్బలెక్కుతాయి, మిగతా నాలుగు రోజులూ నరకం. రెండు వారాలు బడికి అవే వేసుకుని వెళ్లమనండి. పాప కాలి కొలత కూడా తీసుకుని వెళ్లండి.